బోధ్‌గయలో ఏడు వారాల దారి

కాశీ, గయ యాత్ర చేసి వచ్చిన మనవాళ్ళలో చాలామంది బోధ్‌గయ కూడా చూశామనే చెబుతారు. అక్కడ ఏం చూశారని అడిగితే పెద్ద బుద్ధుడి విగ్రహం, రావిచెట్టు, గుడి అంటారు. అంతకుమించి చూసే వీలు వాళ్ళకు ఉండదు. టూర్ ప్యాకేజీలో పిండప్రదానం పూర్తయ్యాక, రాత్రి రైలు ఎక్కేలోపు మిగిలిన కాస్త టైమే బోధ్‌గయకి. బస్సు దిగి గంటలో మళ్ళీ ఎక్కాలి. నాన్నగారి పిండప్రదానానికి అమ్మను తీసుకుని గయ బయల్దేరినప్పుడు నేను ముందే ఒకటి గట్టిగా అనుకున్నాను. ప్యాకేజీ వద్దు, విడిగా వెళ్దాం, రాత్రి బోధ్‌గయలోనే ఉండి మహాబోధి ఆలయాన్ని తీరిగ్గా చూద్దాం అని.

గయలో పని త్వరగానే అయింది. తెలుగు మాట్లాడే పండా (తీర్థ పురోహితుడు) ఒకాయన దగ్గరుండి అన్నీ చేయించారు. ఫల్గు నది ఒడ్డున, ఆ తర్వాత విష్ణుపాదం గుడిలో, చివరికి అక్షయవటం కింద. ఇప్పుడున్న విష్ణుపాదం గుడిని 18వ శతాబ్దం చివర్లో ఇందోర్ రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. అక్షయవటం దగ్గర ఇష్టమైన పండు ఒకటి వదిలేయమంటే అమ్మ సీతాఫలం వదిలేసింది. అది నాన్నగారికి ప్రాణం.

పండా గారే ఒక మాట చెప్పారు. బోధ్‌గయలో పారే ఏరు, ఈ ఫల్గు వేరు కాదట. బోధ్‌గయ పక్కన పారే నిరంజనా నదిని ఇప్పుడు లీలాజన్ అంటున్నారు. అది కిందికి వచ్చి మోహన అనే ఇంకో ఏటితో కలిశాక ఫల్గు అవుతుంది. మేం పిండాలు కలిపిన నీళ్ళ వెంట ఎగువకు ఓ పన్నెండు కిలోమీటర్లు పోతే సిద్ధార్థుడు స్నానం చేసిన రేవు వస్తుందన్నమాట. పైగా గయా శ్రాద్ధం పూర్తిగా చేసేవాళ్ళు పిండం పెట్టే చోట్లలో బోధ్‌గయ రావిచెట్టు కూడా ఉంది. అది విన్నాక అమ్మకు అక్కడికి వెళ్ళడం మీద ఉన్న కాస్త సందేహం కూడా పోయింది. "మనది కాని గుడేమో అనుకున్నాన్రా" అంది ఆటోలో.

గుడి చుట్టూ బందోబస్తు గట్టిగా ఉంటుంది. 2013 జూలైలో ఆలయ ప్రాంగణంలో బాంబులు పేలాయి. అప్పటి నుంచి ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. బయట కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. చెప్పులు కూడా బయటే. ఫోన్ లేకపోవడం మొదట్లో చెయ్యి విరిగినట్టు అనిపించింది కానీ, లోపల ఎవరి చేతిలోనూ ఫోన్ లేని గుడి ఎలా ఉంటుందో చూశాక, మన పెద్ద గుళ్ళన్నింటిలో ఈ పద్ధతి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. ఎవరూ సెల్ఫీ కోసం ఆగరు. చూడటానికే చూస్తారు.

తూర్పు వైపు నుంచి లోపలికి వెళ్ళగానే మెట్లు కిందికి దిగుతాయి. గుడికి వెళ్ళాలంటే మెట్లెక్కడం మనకు అలవాటు. ఇక్కడ దిగాలి. శతాబ్దాల తరబడి పేరుకున్న మట్టి వల్ల చుట్టుపక్కల నేల ఎత్తు పెరిగిపోయింది. తవ్వి తీసిన అసలు నేల లోతులో ఉండిపోయింది. మెట్ల మీద నిలబడితే ఎదురుగా 50 మీటర్లకు పైగా ఎత్తున్న ఇటుకల గోపురం. నాలుగు మూలల్లో అదే ఆకారంలో నాలుగు చిన్న గోపురాలు. మన గాలిగోపురాల్లా అంతస్తుల మీద దేవతా విగ్రహాలు గుంపులుగా ఉండవు. వాలుగా పైకి లేచే గోడలు, వాటి మీద వరసలు వరసలుగా చిన్న చిన్న గూళ్ళు. ఇటుకతో కట్టిన ఇంత పాత గుడి దేశంలో ఇలా నిలబడి ఉండటం చాలా అరుదు. ఇప్పటి కట్టడం గుప్తుల చివరి కాలానిది, అంటే 5, 6 శతాబ్దాల నాటిది. 2002లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. శిఖరం మీది బంగారు తాపడం మాత్రం కొత్తది. 2013లో థాయిలాండ్ రాజు, అక్కడి భక్తులు ఇచ్చిన బంగారంతో చేయించారు.

దీనికన్నా ముందు ఇక్కడ అశోకుడు కట్టించిన ఆలయం ఉండేదని చెబుతారు. అశోకుడు వచ్చిన సంగతికి ఆయన మాటే సాక్ష్యం. పట్టాభిషేకమైన పదో ఏట సంబోధికి, అంటే బుద్ధుడికి జ్ఞానోదయమైన ఈ చోటికి, వెళ్ళానని ఎనిమిదో శిలాశాసనంలో రాయించుకున్నాడు. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. ఈ చెట్టు దగ్గరికి వచ్చి వెళ్ళిన కబురును అంత దూరాన మనవాళ్ళకు చెప్పించిన రాజు ఆయన.

గర్భగుడిలో ఎక్కువసేపు ఉండనివ్వరు. క్యూ కదులుతూ ఉంటుంది. భూస్పర్శ ముద్రలో, కుడిచేతి వేళ్ళు నేలను తాకుతూ కూర్చున్న బుద్ధుడు. పాల వంశపు రాజుల కాలపు నల్లరాతి విగ్రహానికి బంగారు పూత పూశారు. భక్తులు తెచ్చిన చీవరాలు, అంటే భిక్షువులు కట్టే వస్త్రాలు, స్వామికి కడుతూ ఉంటారు. మా ముందున్న శ్రీలంక ఆవిడ కాషాయ వస్త్రం మడతను రెండు చేతులా తల మీద పెట్టుకుని తెచ్చింది. అమ్మ దండం పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. ఇక వెనక్కి, చెట్టు దగ్గరికి.

గుడి తూర్పుకు చూస్తుంటే, చెట్టు పడమటి గోడను ఆనుకుని ఉంటుంది. గోడకీ చెట్టుకీ మధ్య వజ్రాసనం. బుద్ధుడు కూర్చున్న చోటు అదేనని గుర్తుగా అశోకుడి కాలంలో వేసిన రాతి పలక. పైన గొడుగు పట్టినట్టు పందిరి, చుట్టూ రాతి కంచె. కంచె సందులోంచి చూస్తే పలక అంచు కాస్త కనపడుతుంది. అంచు వెంట హంసల వరస చెక్కారు. తల తిప్పి తిప్పి చూస్తే గానీ దొరకదు. ఒక్క హంస నాకు స్పష్టంగా దొరికింది. మెడ కొద్దిగా ముందుకు చాచి ఉంది. చెట్టు కొమ్మలు బరువుకు వంగిపోకుండా కింద ఇనుప ఊతకర్రలు పెట్టారు. ఆకు కోయకూడదు. రాలితే తీసుకోవచ్చు. ఆకు రాలిన చప్పుడుకే పది తలలు ఒకేసారి తిరుగుతాయి.

అక్కడ నిలబడ్డప్పుడు నాకు అమరావతి శిల్పాలు గుర్తొచ్చాయి. మాది గుంటూరు వైపు కాబట్టి అమరావతి మ్యూజియం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి పలకలూ చూశాను. మొదటి కాలపు పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఒక చెట్టు, చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని ముందు పాదాల గుర్తులు, ఇరువైపులా చేతులు జోడించిన జనం. ఇన్నాళ్ళూ వాటిని శిల్పులు ఊహించి పెట్టుకున్న గుర్తులనుకున్నాను. ఇక్కడ చూస్తే చెట్టు ఉంది, కింద ఖాళీ ఆసనం ఉంది, చుట్టూ చేతులు జోడించిన జనం ఉన్నారు. రెండు వేల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున కూర్చుని చెక్కినవాళ్ళు ఈ చోటునే చెక్కారు. నాగార్జునకొండలో అయితే బోధిసిరి అనే ఉపాసిక సింహళ విహారంలో బోధివృక్షానికి ప్రత్యేకంగా ఒక మందిరమే కట్టించింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి ఆమె శాసనం ఇప్పటికీ ఉంది. ఇది మనది కాని గుడేమో అన్న అమ్మకు ఈ సంగతి అక్కడే చెప్పాను.

ఇప్పుడున్న చెట్టు బుద్ధుడు చూసిన చెట్టు కాదు. దాని కథ కూడా తెలుసుకుని చూడాలి. అశోకుడి కూతురు సంఘమిత్ర ఈ చెట్టు కొమ్మను శ్రీలంక తీసుకెళ్ళి అనురాధపురంలో నాటించింది. ఆ చెట్టు ఇంకా బతికే ఉంది. ఇక్కడి చెట్టు మీద అశోకుడి రాణి తిష్యరక్షిత కక్షగట్టి చంపించిందని శ్రీలంక గ్రంథం మహావంశం చెబుతుంది. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్, గౌడ రాజు శశాంకుడు చెట్టును నరికించి వేళ్ళు కాల్పించాడని, మగధ రాజు పూర్ణవర్మ వెయ్యి ఆవుల పాలు పోయించి మళ్ళీ చిగురింపజేశాడని రాశాడు. ఆ హ్యూయెన్‌త్సాంగ్ ఇక్కడ నేల మీద సాష్టాంగపడి ఏడ్చాడట. బుద్ధుడు ఉన్న కాలంలో పుట్టలేకపోయానే అన్న బాధ. ఆ తర్వాత ఆయన మన ధాన్యకటకానికీ, అంటే అమరావతి వైపుకీ వచ్చాడు, అక్కడ కొంతకాలం ఉండి చదువుకున్నాడు. చివరికి 1876 గాలివానకు ఇక్కడి ముసలి చెట్టు కూలిపోయింది. 1881లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అదే చోట కొత్త మొక్క నాటించాడు. మన ముందున్నది అదే.

ఇక్కడి నుంచే నేను అసలు చెప్పదలుచుకున్నది. జ్ఞానోదయమైన వెంటనే బుద్ధుడు సారనాథ్ వెళ్ళిపోలేదు. ఏడు వారాలు ఇక్కడిక్కడే ఉన్నాడు. ఒక్కో వారం ఒక్కో చోట. ఆ ఏడు చోట్లూ ఈ ప్రాంగణంలోనే గుర్తులు పెట్టి ఉన్నాయి, ప్రతి చోటా బోర్డు ఉంది. వరసలో చూస్తూ పోతే ఈ ప్రాంగణమంతా ఒక కథగా అర్థమవుతుంది. వరస లేకుండా చూస్తే ఇక్కడో స్తంభం, అక్కడో చెరువు, అంతే. అందుకే అమ్మకు చెప్పాను, అటూ ఇటూ ఎంత నడవాల్సి వచ్చినా సరే వరసలోనే పోదాం అని.

మొదటి వారం చెట్టు కిందే. రెండో వారానికి మళ్ళీ తూర్పు వైపు రావాలి. మెట్లు దిగి వస్తుంటే కుడివైపు ఎత్తు మీద తెల్లటి గుడి ఒకటి కనిపిస్తుంది, అనిమేషలోచన చైత్యం. తనకు నీడ ఇచ్చిన చెట్టును కృతజ్ఞతతో రెప్పవేయకుండా వారమంతా చూస్తూ బుద్ధుడు నిలబడ్డ చోటట. నాకు ఈ ఏడింటిలో మనసుకు బాగా పట్టింది ఇదే. ఎవరూ చేరలేని జ్ఞానం పొందిన మనిషి ఆ తర్వాత చేసిన మొదటి పని చెట్టుకు థాంక్స్ చెప్పుకోవడం. అమ్మ అక్కడ మెట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. నేనూ లేపలేదు.

మూడో వారం నడక. గుడి ఉత్తర గోడ పక్కన నడుమెత్తు కూడా లేని పొడవాటి అరుగు, దాని మీద వరసగా రాతి పద్మాలు. బుద్ధుడు అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేసిన దారి. అడుగుపడ్డ చోటల్లా పద్మం వికసించిందని నమ్మకం. దీన్ని రత్నచంక్రమ అంటారు. మేం వెళ్ళేసరికి ప్రతి పద్మం మీదా బంతిపూలు, తామరపూలు సర్ది ఉన్నాయి. ఎవరో థాయ్ ముసలాయన చిన్న గిన్నెలతో నీళ్ళు పెడుతూ వెళ్తున్నాడు, ఒక్కో గిన్నె అంచు పక్క గిన్నెకు సమంగా ఉందో లేదో వంగి చూసుకుంటూ.

నాలుగోది రత్నఘరం. పైకప్పు లేని చిన్న గుడి. ఇక్కడ అభిధర్మాన్ని, అంటే బౌద్ధ తత్త్వాన్ని, మననం చేస్తుంటే బుద్ధుడి ఒంటి నుంచి రంగురంగుల కాంతులు వెలువడ్డాయంటారు. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే బౌద్ధ జెండాలోని రంగులు అవే. ఐదోది అజపాల నిగ్రోధం, మెట్ల దగ్గర స్తంభంతో గుర్తు పెట్టారు. మేకలు కాసేవాళ్ళు చేరే మర్రిచెట్టు ఉండేదట అక్కడ. బ్రాహ్మణుడంటే ఎవరని ఒక బ్రాహ్మణుడు అడిగితే, పుట్టుక వల్ల కాదు, నడవడి వల్ల అని బుద్ధుడు జవాబిచ్చింది ఇక్కడే. ఇంకో సంగతీ ఉంది. తాను తెలుసుకున్నది చాలా సూక్ష్మమైనది, చెప్పినా జనానికి ఎక్కదేమో, చెప్పకుండా ఊరుకుంటే నయమేమో అని బుద్ధుడు వెనకాడింది కూడా ఈ మర్రి కిందే. బ్రహ్మ వచ్చి, కళ్ళలో దుమ్ము తక్కువున్నవాళ్ళు కొందరైనా ఉన్నారు, వాళ్ళకోసం చెప్పమని బతిమాలాడట. బోధించాలా వద్దా అని బుద్ధుడంతటివాడు ఆలోచించాడంటే, ఆ మతం మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

ఆరోది ముచలింద సరస్సు, గుడికి దక్షిణాన. గాలివానలో నాగరాజు ముచలిందుడు చుట్టలు చుట్టుకుని పడగ పట్టాడు. చెరువు మధ్యలో ఆ దృశ్యమే విగ్రహంగా ఉంది. కొద్ది దూరంలో విరిగిన అశోకస్తంభం కూడా ఉంది. ఏడోది రాజాయతనం అనే చెట్టు. తపుస్స, భల్లిక అనే ఇద్దరు వర్తకులు అటుగా పోతూ బుద్ధుడికి పిండివంట, తేనె ఇచ్చారు. ఆయన తొలి గృహస్థ శిష్యులు వాళ్ళే. అప్పటికి సంఘం లేదు గనక బుద్ధుడిని, ధర్మాన్ని మాత్రమే శరణు వేడారు. వాళ్ళు మా దేశం వాళ్ళేనని బర్మావాళ్ళు నమ్ముతారు. వాళ్ళకు బుద్ధుడు ఇచ్చిన వెంట్రుకలే యాంగోన్ ష్వేడగాన్ పగోడాలో ఉన్నాయని వాళ్ళ విశ్వాసం. అందుకే ఆ చెట్టు దగ్గర బర్మా యాత్రికులే ఎక్కువ కనిపించారు.

సాయంత్రం చెట్టు చుట్టూ ఉన్న అరుగుల మీద ఒక్కో దేశం వాళ్ళు ఒక్కో గుంపుగా కూర్చుని పారాయణ మొదలుపెట్టారు. పాళీ, టిబెటన్, వియత్నాం భాష. ఉత్తరం వైపు చిన్న స్తూపాల మధ్య టిబెటన్లు చెక్క పలకలు పరుచుకుని సాష్టాంగ నమస్కారాలు చేస్తుంటారు. నిలబడి చేతులు జోడించి, నుదుటికీ గొంతుకీ గుండెకీ తాకించి, మోకాళ్ళ మీదికి వంగి, అరచేతుల కింద గుడ్డముక్కలతో పలక మీద ముందుకు జారి, బోర్లా పడుకుని, మళ్ళీ లేచి. కొందరు లక్ష చేస్తామని మొక్కుకుంటారట. చేతులు జారే చోట పలక నున్నబడి అద్దంలా మెరుస్తోంది. విశ్రాంతికి కూర్చున్న ఒక పెద్ద లామా ఎక్కడి నుంచని హిందీలో అడిగారు. ఆంధ్రా, గుంటూరు అన్నాను. అర్థం కాలేదు. అమరావతి, ధాన్యకటకం అనగానే ఆయన లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు. టిబెటన్ బౌద్ధంలో పెద్ద దీక్షగా చెప్పే కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట ధాన్యకటకంలోనే చెప్పాడని టిబెటన్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర జరిపినప్పుడు ఈ లామా కూడా వచ్చారట. "మీరు మహాస్తూపం పక్కన పుట్టారా" అని అమ్మను అడిగారు. అమ్మ ఔనంది. ఆయన తన మెడలోని తెల్లటి కండువా తీసి అమ్మ మెడలో వేశారు.

రాత్రి బసలో అమ్మ అడిగింది, ఇంత పెద్ద గుడిని మధ్యలో ఎవరు చూసుకున్నార్రా అని. 13వ శతాబ్దం తర్వాత బౌద్ధం ఇక్కడ క్షీణించింది. 16వ శతాబ్దం చివర శైవ సన్యాసులు వచ్చి మఠం పెట్టుకున్నారు, గుడి ఆ మఠాధిపతులైన మహంతుల చేతికి వెళ్ళింది. 1870లలో బర్మా రాజు మిండన్ మనుషుల్ని పంపి మరమ్మతులు మొదలుపెట్టించాడు. ఆ తర్వాత 1880 నుంచి కన్నింగ్‌హామ్, ఆయన సహాయకుడు బెగ్లర్ కలిసి చాలావరకు తిరిగి కట్టించారు. తవ్వకాల్లో దొరికిన గుడి రాతి నమూనా ఒకటి వాళ్ళకు ఆధారమైంది. 1891లో శ్రీలంక నుంచి వచ్చిన అనగారిక ధర్మపాల గుడి స్థితి చూసి తల్లడిల్లి, బౌద్ధులకు అప్పగించాలని జీవితమంతా పోరాడారు. ఆయన పోయాక, 1949లో బోధ్‌గయ ఆలయ చట్టం వచ్చింది. నలుగురు హిందువులు, నలుగురు బౌద్ధులు, అధ్యక్షుడిగా జిల్లా కలెక్టర్, ఇలా కమిటీ ఏర్పడి 1953లో గుడి దాని చేతికి వచ్చింది. పూర్తిగా బౌద్ధులకే ఇవ్వాలన్న ఉద్యమం ఇప్పటికీ నడుస్తోంది. రోజంతా అక్కడ గడిపిన మనిషిగా నాకైతే వాళ్ళు అడగడంలో న్యాయముందనే అనిపించింది. మన పిండప్రదానానికి చెట్టు దగ్గర ఏ అడ్డూ లేకుండా చూసుకుంటే చాలు.

మర్నాడు పొద్దున్నే వంతెన దాటి బక్రౌర్ వెళ్ళాం. కఠిన తపస్సుతో చిక్కి శల్యమైన సిద్ధార్థుడికి సుజాత పాయసం పెట్టిన ఊరని చెబుతారు. పొలాల మధ్య పెద్ద ఇటుకల స్తూపం ఉంది. వచ్చేటప్పుడు మ్యూజియంలో ఆలయం తాలూకు అసలు కంచె స్తంభాలు చూశాం. గుడి చుట్టూ ఇప్పుడున్నవాటిలో చాలా వరకు నకళ్ళే. పాతవాటి మీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో పదేపదే వచ్చే పేరు ఒక స్త్రీది, కురంగి.

వెళ్ళాలనుకునేవాళ్ళు గయలో కర్మ అయిన రోజు సాయంత్రానికే బోధ్‌గయ చేరండి, రాత్రి అక్కడే ఉండండి. పారాయణలు వినాలంటే సాయంత్రం, ఏడు చోట్లూ చూడాలంటే తెల్లారగట్ల వెళ్ళండి. పెద్దవాళ్ళు ఉంటే మేజోళ్ళు తీసుకెళ్ళండి. చలికాలంలో పాలరాయి గడ్డకట్టినట్టుంటుంది, ఎండాకాలంలో కాలిపోతుంది. పిల్లలుంటే బుద్ధుడి ఏడు వారాల కథ రైల్లోనే చెప్పేయండి. మిగతాది వాళ్ళే వెతుక్కుంటూ పోతారు.